చుక్కావు గోడ

కుప్పం,
12 జూన్ 2024.

తిమ్మక్కత్తకు ఇందు రాసేది,

నేను బాగున్నాను. హాస్టల్ సాంబారు తప్ప మిగతా లోకమంతా బాగుంది. నువ్వు మోకాలికి నూనె రాస్తున్నావా, లేక సీసాను కిటికీలో పెట్టి చూస్తున్నావా?

ఫోనులో చెబితే నీకు సగం వినిపించదు. వినిపించిన సగానికి "ఊఁ, సరేలేమ్మా" అని పెట్టేస్తావు. పైగా ఈ పని ఫోనులో అయ్యేది కాదు. అందుకే ఉత్తరం.

మదనపల్లె నాగేంద్ర సారు గుర్తున్నారు కదా? పుంగనూరు ఆవుల మీద పరిశోధన చేస్తానని వచ్చి, చివరికి ఆవులను వదిలేసి, ఆవులు కాసే మన తాత వెంట పడ్డాయన. ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న ఆయన భార్య స్వర్ణమ్మగారు ఒక రేకు పెట్టె నా చేతిలో పెట్టారు. అందులో నూట నలభై మూడు ఫోటోలు. 1988 నుంచి 2004 దాకా, దాదాపు అన్నీ తాతవే. మంద వెనక నడుస్తున్న తాత, ఈతపుల్ల నమిలి కుంచె చేసుకుంటున్న తాత, ఎవరి కొట్టం గోడ మీదో జాజుతో ఆవు బొమ్మ గీస్తున్న తాత. పెట్టె మూత మీద సారు ‘కౌబాయ్ ఆర్టిస్ట్ గురప్ప’ అని రాసుకున్నారు.

నా పీహెచ్‌డీ తాత మీదేనని నీకు తెలుసు. నవంబరులో ఈ ఫోటోలను మదనపల్లెలో ప్రదర్శనకు పెడుతున్నాం. అయితే ఫోటోలు చూసినవాళ్లు అసలు బొమ్మ ఏదని అడుగుతారు. పదకొండు ఊళ్లు తిరిగాను అత్తా. ఒక్క గోడ మీదా తాత గీసిన ఆవు లేదు. మిగిలింది నీ కొట్టం గోడ మీది చుక్కావు ఒక్కటే. దాన్ని కాపాడే నిపుణులను కూడా నవంబరులోనే పిలిపిస్తున్నాం. అది ఉంటేనే నా అయిదేళ్ల చదువు నిలబడుతుంది. దసరాకు సున్నం కొడతానని దాని జోలికి మాత్రం పోవద్దు, నీకు దండం పెడతాను.

ఇరవై ఫోటోలు పంపుతున్నాను. ఒక్కోదాని వెనక పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది రాసి, స్టాంపులు అంటించిన కవరులో తిరిగి పంపు.

నీ చేతి రసం కోసం ముఖం వాచిపోయిన
ఇందు


ఏటిగడ్డపల్లె, పుంగనూరు మండలం,
26 జూన్ 2024.

చిరంజీవి ఇందుకు అత్త దీవెనలు.

నూనె రాస్తున్నాను. రాసిన తర్వాత సీసాను కిటికీలోనే పెడతారు తల్లీ, నెత్తి మీద పెట్టుకోరు.

కౌబాయ్ అంటే ఏమిటని ఎదురింటి వాణిని అడిగాను. సెల్లులో ఒక బొమ్మ చూపించింది. టోపీ, బూట్లు, నడుముకు తుపాకీ, కింద గుర్రం. నవ్వలేక చచ్చాను. మా నాయన జన్మలో గుర్రమెక్కలేదు. గాడిద కూడా ఆయన మాట వినేది కాదు. ఆయన టోపీ అంటే వానొచ్చినప్పుడు గోనెసంచి, బూట్లంటే టైరు చెప్పులు. అయినా పుంగనూరు ఆవు మనిషి నడుమెత్తు ఉంటుంది. దాన్ని కాయడానికి గుర్రమెక్కితే కింద ఆవుందో లేదో కూడా తెలియదు. ఇప్పుడు పట్నంలో దాన్ని సోఫా పక్కన పెంచుకుంటున్నారట కదా. మా కాలంలో మేం దాని పక్కన పెరిగాం.

ఇరవై ఫోటోల వెనకా రాశాను. అంగన్వాడీలో ముప్పయ్యేళ్లు రిజిస్టర్లు రాసిన చెయ్యి, నీకు అర్థం కాదనే భయం లేదు. సారు వరస తప్పుగా పేర్చారు. నాయన గోడకు సున్నం కొట్టే ఫోటోలు రెండూ మొదట పెట్టారు. వాటిని తీసి చివర పెట్టాను. అట్లాగే ఉంచు.

గోడ గురించి దిగులు పడొద్దు. నాయన పోయేటప్పుడు దాన్ని నాకు అప్పజెప్పి పోయాడు. ఏటా ఇల్లంతా సున్నం కొట్టినా దాని మీద చుక్క పడనివ్వలేదు. జల్లు కొట్టకుండా పట్ట కట్టాను. చుక్కావు సంగతి తెలిసేదాకా దాన్ని ముట్టుకునేది లేదు.

వాణి నిన్ను అడిగినట్టు చెప్పమంది. మీ నాయన ఫోను చేసి నాలుగు నెలలైందని నేను అన్నట్టు వాడికి చెప్పు.

కౌబాయ్ కూతురు
తిమ్మక్క


కుప్పం,
9 జూలై 2024.

అత్తా,

కవరు విప్పి గంటసేపు నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. పన్నెండో ఫోటోలో తాత, ఇంకో ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, చంకలో బిడ్డ ఉన్నారు. ఆవుది ఒక్క కొమ్మే కనిపిస్తోంది. దాని వెనక నువ్వు రాసింది: "అంజినప్ప ఇంటి బూడిదావు. పాలు తక్కువ, కోపం ఎక్కువ." మనుషులేరీ అత్తా? ఇరవై ఫోటోల్లో ఒక్క మనిషి పేరూ రాయలేదు. పద్దెనిమిదో దాంట్లో ఉన్న ఎత్తైన ఆమె నువ్వే కదా? దాని వెనకా "రామక్క ఇంటి ఎర్రావు దూడ, రెండోది" అనే ఉంది!

సున్నం ఫోటోలు నీ చేతిలో కలిసిపోయినట్టున్నాయి. మళ్లీ మొదటికి మార్చాను. గోడకు సున్నం కొట్టి, అది ఆరాక కదా బొమ్మ గీసేది. సారు కూడా వాటి కింద ‘గోడను సిద్ధం చేస్తున్న చిత్రకారుడు’ అని రాసుకున్నారు.

ఒక్కటి అడుగుతాను. అన్ని బొమ్మల్లోనూ ఆవు మెడ వెనక్కి తిప్పి ఉంటుంది. ఎందుకు?

గోడకు పట్ట కట్టినందుకు నీ కాళ్లకు మొక్కుతాను. పెట్టెలోని చివరి ఫోటోలు పంపుతున్నాను. నూట నలభై ఒకటోది పుంగనూరు సంతలో తీసింది. అందులోది చుక్కావేనా? ఈసారన్నా మనుషుల పేర్లు రాయి.

ఇందు


ఏటిగడ్డపల్లె,
30 జూలై 2024.

ఇందూ,

జవాబు ఆలస్యమైంది. ఆ నూట నలభై ఒకటో ఫోటో వెనక పెన్సిలు పెట్టి తీసి, పెట్టి తీసి, ఇన్నాళ్లు గడిచాయి. చివరికి ఏమీ రాయకుండానే పంపుతున్నాను.

అది చుక్కావే.

మెడ సంగతి అడిగావు. ఎవరింట్లో ఆవును అమ్మినా, తోలుకుపోయే ముందురోజు నాయనను పిలిచి కొట్టం గోడ మీద బొమ్మ వేయించుకునేవాళ్లు. బొమ్మ తల వాకిలి వైపు తిరిగి ఉండాలి. ఆవు ఎక్కడున్నా ఇల్లు దాని మనసులో ఉండాలని. "ఇది బొమ్మ గాదు పాపా, పలుపు" అనేవాడు. పలుపంటే నీకు తెలుసో లేదో, గొడ్డును కట్టేసే తాడు.

ఊరందరి ఆవులూ కాసిన మనిషికి సొంతానికి ఉన్నది చుక్కావు ఒక్కటే. నొసట తెల్ల చుక్క, తోక నేలను ఊడుస్తూ పోయేది. రెండువేల మూడులో కరువు. బోర్లు ఎండిపోయాయి, గడ్డిపోచ లేదు. దాని పక్కటెముకలు లెక్కపెట్టుకుంటూ ఎన్నాళ్లని కూర్చుంటాం? నాయన ఆ సాయంత్రం బొమ్మ గీసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి ఆయన లేవలేదు. నేనే తోలుకుపోయాను. ఏడు మైళ్లు నడిచాం. పలుపు లాగాల్సిన పనే రాలేదు, మేతకు తీసుకుపోతున్నాననుకుని నా వెనకే వచ్చింది. ఆ నమ్మకానికే నా గుండె పగిలింది.

సంతలో దళారి చేతికి పలుపు ఇచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. చూస్తే ఇవ్వలేనని. ఇంటికొస్తే నాయన ఒకటే అడిగాడు, "ఎవురు కొనిరి పాపా?" అని. తెలియదన్నాను. ఆయన మళ్లీ నన్ను అడగలేదు. కానీ పోయేదాకా, ఎనిమిదేళ్లు, సంత జరిగిన ప్రతి రోజూ పుంగనూరుకు పోయి గేటు దగ్గర నిలబడేవాడు. "నొసట సుక్క ఉండే ఆవును యాడన్నా సూసినారా అప్పా?" అని వచ్చేపోయే వాళ్లను అడిగేవాడు. నేను ఒక్క నిమిషం ఆగి, కొన్న మనిషి ఊరేదని అడిగి ఉంటే చాలు. అది నా తప్పు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఫోటోలో పలుపు పట్టుకున్న మనిషి ఎవరో నాకు తెలియదు. నేను వెళ్లిపోయిన తర్వాత సారు తీసినట్టుంది. మాకెప్పుడూ చూపించలేదు.

అత్త


కుప్పం,
14 ఆగస్టు 2024.

అత్తా అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, ఏడ్చి నూట నలభై ఒకటో ఫోటోను కంప్యూటర్లో పెట్టి పెద్దది చేశాను. పలుపు పట్టుకున్న మనిషి భుజానికి పసుపుపచ్చ గుడ్డసంచి ఉంది. బట్టల షాపుల వాళ్లు ఇస్తారే, అది. షాపు పేరు మడతలో పోయింది. కింద ఊరు మాత్రం చక్కగా కనిపిస్తోంది. రామసముద్రం!

శనివారం పోతున్నాను. పుంగనూరులో బస్సు మారాలి, కానీ నీ దగ్గరికి రాను. తెలిసిన తర్వాతే నీకు ముఖం చూపిస్తాను.

ఇందు


కుప్పం,
2 సెప్టెంబరు 2024.

అత్తకు,

దొరికింది!

రామసముద్రంలో మూడు బట్టల షాపులు తిరిగాను. మూడో షాపు ముసలాయన ఫోటో చూడగానే "మన మునిచంద్ర గదా!" అన్నాడు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఇల్లు. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. నేను ఫోటో చేతికిస్తే తన ముఖం చూసుకోలేదు. నీలాగే, ముందు ఆవునే చూశాడు.

"ఈ సుక్కావా? ఇది మా ఇంటి లచ్చిమి గదమ్మా! యాల అడుగుతాండావు?" అన్నాడు. నేను గురప్ప మనవరాలినని చెప్పాను. తాత పేరు ఆయనకు తెలియదు. ఆవు మాత్రం తెలుసు. "పొద్దు గూకేయాళకు అన్నీ కొట్టంలోకి పోతాయి. ఇది మాత్రం గేటు కాడ నిలబడి పుంగనూరు దోవ తట్టు సూస్తాండె. ఏమే, మీ అమ్మగారింటోళ్లు వస్తాండారా అని మా ఇంటామె ఎగతాళి చేస్తాండె. రోంతసేపు సూసి, దానంతట అదే లోపలికొచ్చేది" అన్నాడు.

పదకొండేళ్లు వాళ్లింట్లోనే ఉందట. మళ్లీ ఎవరికీ అమ్మలేదు. ఆరు ఈతలు ఈనింది. 2014 కార్తీకంలో, వయసైపోయి, రెండు రోజులు మేత మాని, మూడోరోజు పొద్దున పోయింది. పసుపూ కుంకుమా పెట్టి చేను గట్టున పూడ్చారు. ఆ చోటు నాకు చూపించాడు. ఇప్పుడు కొట్టంలో ఉన్నవన్నీ దాని సంతతే. ఒకదానికి నొసట చుక్క కూడా ఉంది.

కటికవాడి చేతిలో పడలేదు అత్తా. కడుపు నిండా తిని, పెద్దదై పోయింది. నీ తప్పేమీ లేదు. ఇక ఈ కథంతా గోడ పక్కన పెడితే ప్రదర్శనకు ప్రాణం వస్తుంది. నిపుణులు నవంబరు మొదటి వారంలో వస్తామన్నారు.

గర్వంతో పొంగిపోతున్న
ఇందు


ఏటిగడ్డపల్లె,
14 సెప్టెంబరు 2024.

బంగారు తల్లీ ఇందూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి వాణితో పైకి చదివించుకున్నాను, నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమోనని.

రెండువేల పద్నాలుగు. నాయన పోయింది పదకొండులో. అంటే ఆయన పోయేనాటికి చుక్కావు బతికే ఉంది! ఆయన చివరి రోజుల్లో ఎంత కుమిలిపోయాడో నీకు తెలియదు. "అది ఉండాదో ల్యాదో తెలీదు పాపా. లేకుండాపోయినా నేనింకా కట్టేసి పెట్టుకోనుండానేమో" అనేవాడు. లేదు నాయనా, నువ్వు తప్పు చెయ్యలేదు అని నిన్న ఆయన ఫోటో ముందు నిలబడి గట్టిగా చెప్పాను.

నిన్న శుక్రవారం మంచిరోజు. పొద్దున్నే తలంటుకుని, సున్నం కలిపి, చుక్కావుకు పలుపు విప్పాను. నాయన చెప్పినట్టే ముందు కాళ్లు, తర్వాత ఒళ్లు, చివర కళ్లు. మూడు పూతలు వేశాను. మోకాలు ఒక్కసారి కూడా నొయ్యలేదు.

ఇరవై ఒక్కేళ్ల నా గుండెబరువు దించావు. మగపిల్లలు పదిమంది ఉన్నా ఇంత చెయ్యరు. ఈసారి వచ్చినప్పుడు రసం కాదు, బొబ్బట్లు.

మీ అత్త


కుప్పం,
21 సెప్టెంబరు 2024.

అత్తా,

సున్నం కొట్టావా? ఆ గోడకు?

జూన్ నుంచి ప్రతి ఉత్తరంలో ఒకటే కదా నేను బతిమాలింది! ముట్టుకోనన్నావు, పట్ట కట్టానన్నావు. లోకంలో మిగిలిన ఒకే ఒక్క బొమ్మ అది. పలుపు విప్పడమేమిటి? ఒక్క మాట ముందు చెప్పి ఉంటే నేను ఆ ఉత్తరం రాసేదాన్నే కాదు. మా గైడుకు ఏమని చెప్పను? నా అయిదేళ్లను ఒక్క పూటలో తుడిచేసి, బొబ్బట్లు చేస్తానంటావా?

నిపుణులతో మాట్లాడాను. పైపూత కొత్తది కాబట్టి మెల్లగా గీకితే కింది బొమ్మను చాలావరకు బయటికి తీయవచ్చన్నారు. ఆలస్యమైతే కష్టమట. అక్టోబరు ఇరవైన వాళ్లను తీసుకొస్తాను. దయచేసి అడ్డం రావద్దు.

ఇందు


ఏటిగడ్డపల్లె,
1 అక్టోబరు 2024.

ఇందుకు,

నువ్వు ‘అత్తా’ అని కోపంగా రాసినా నాకు అత్తా అన్నట్టే వినిపిస్తుంది. అందుకని జవాబు రాస్తున్నాను.

ముందు చెప్పలేదన్నావు. ఫోటోల వరస మార్చి పంపాను. సున్నం చివరిదని నీకు తెలిసిపోయిందనుకున్నాను. నోరు విడిచి రాయలేకపోయాను, నిజమే. ఆవు బతికుందో లేదో తెలియనప్పుడు ‘పోతే’ అనే మాట అనకూడదు. అది మన ఇళ్లల్లో లేదు. నువ్వు ఈ ఇంటి పిల్లవే కదా, తెలియదని నాకెట్లా తెలుస్తుంది?

పదకొండు ఊళ్లు తిరిగి ఒక్క బొమ్మా దొరకలేదన్నావు. ఎందుకు దొరుకుతుంది? ఎవరి ఆవు పోయిన కబురొచ్చినా నాయన తానే పోయి సున్నం కొట్టి వచ్చేవాడు. "సచ్చినాంక గూడా కట్టేసి పెట్టగూడదు. అది పాపం" అనేవాడు. గీసింది ఎంత శ్రద్ధగానో, తుడిచింది కూడా అంతే శ్రద్ధగా. కబురు రాక మిగిలిపోయింది ఆయన సొంత ఆవు ఒక్కటే.

నీ చదువు పాడైందని నాకూ బాధగానే ఉంది. రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ గోడ నాకెంతో నీకూ అంతే. గీకించాలనుకుంటే గీకించు. తలుపు తీసే ఉంచుతాను, వచ్చినవాళ్లకు కాఫీ కూడా ఇస్తాను. నేను మాత్రం చూడలేను, వాణి ఇంట్లో కూర్చుంటాను.

తిమ్మక్క


కుప్పం,
27 నవంబరు 2024.

అత్తకు ఇందు నమస్కారాలు,

అక్టోబరు ఇరవయ్యో తారీఖున నేను ఒక్కదాన్నే వస్తే, నిపుణులేరని నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం బొబ్బట్లు తిన్నాం. ఇప్పుడు చెబుతాను.

ముందు రోజు సున్నం ఫోటోలు రెండూ మళ్లీ తీసి, అద్దం పెట్టి చూశాను. తడి సున్నం కింద నాలుగు గిట్టలు లీలగా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లూ సారు చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. తాత కుడిచేత్తో సున్నం పూస్తూ ఎడమచేత్తో గోడను నిమురుతున్నాడు. గోడను సిద్ధం చేసే మనిషి అట్లా నిమరడు. అంతకు ముందే నువ్వు వరస సరిచేసి పంపితే, నేను మళ్లీ తప్పు చేశాను. చదువుకున్నదాన్ని కదా! వెంటనే వాళ్లకు ఫోను చేసి రావద్దన్నాను.

ప్రదర్శన నిన్న ముగిసింది. సున్నం ఫోటోలను చివర పెట్టాను. మా గైడు చాలాసేపు వాటి ముందే నిలబడి, "మొదటి అధ్యాయం మళ్లీ రాయాలమ్మా" అన్నారు. తిట్టలేదు. ఇంకో ఏడాది పడుతుంది, పడనీ. మునిచంద్ర తాత రామసముద్రం నుంచి బస్సులో వచ్చాడు. నూట నలభై ఒకటో ఫోటో పక్కన తనే నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఆవు గురించి చెప్పాడు. తన గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

నేను ఆ రోజు తీసిన ఫోటో పంపుతున్నాను. నూట నలభై నాలుగోది, తెల్లగోడ పక్కన నువ్వు. దీన్ని కూడా పెట్టెలో పెడతాను. అలవాటు ప్రకారం వెనక రాసి పంపు. దీంట్లో ఆవు లేదు, కాబట్టి ఈసారి తప్పించుకోలేవు.

అప్పుడు రాసిన మాటలకు క్షమించు.

నీ ఇందు


(144వ ఫోటో వెనక, పెన్సిలుతో)

20 అక్టోబరు 2024. ఏటిగడ్డపల్లె, కొట్టం గోడ.
ఫోటో తీసింది ఇందు. గురప్ప మనవరాలు. కబురు తెచ్చిన పిల్ల.
ఫోటోలో ఉన్నది తిమ్మక్క. గురప్ప కూతురు.
చుక్కావును సంతకు తోలుకుపోయింది ఈమె. పలుపు విప్పిందీ ఈమే.